చింతపండుతో తోమిన చక్రవర్తులు

మా అత్తమ్మ సత్తవ్వ సలాలాకు వస్తూ ఆరు కిలోల కొత్త చింతపండు తెచ్చింది. గొడుగు మాత్రం తేలేదు.

తప్పు ఆమెది కాదు. గల్ఫ్ అంటే ఎండ, ఇసుక, ఒంటెలు అని మా కోరుట్లలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. ఆ గల్ఫ్‌లోనే ఒక మూల ఆషాఢం రాగానే ముసురు పడుతుందనీ, కొండలు పచ్చబడి మంచు దిగుతుందనీ, ఉతికిన బట్ట వారమైనా ఆరదనీ చెబితే నమ్మేదెవరు? విమానం దిగి బయటికి రాగానే సన్నటి తుంపర ఆమె నెరిసిన జుట్టు మీద పడింది. ఆకాశంలోకి చూసింది. కొడుకు వైపు చూసింది.

"ఎడారికి తీస్కపోతున్న అని చెప్పి మళ్ళ జగిత్యాలకే తెచ్చినవా రఘూ?" అంది.

ఆ ముసురును ఇక్కడ ఖరీఫ్ అంటారు. చుట్టుపక్కల దేశాల్లో ఎండకు మాడుతున్న వాళ్ళంతా కార్లేసుకుని తడవడానికి వస్తారు. మా ఆయన రఘుపతికి అదే సీజన్. జైనబ్ అనే పెద్దావిడ వాళ్ళ కొబ్బరి, అరటి తోట చూసుకోవడం ఆయన డ్యూటీ. ఖరీఫ్ వస్తే రోడ్డు పక్కన కొట్టు వేసి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా బొండాలు కొడుతూనే ఉంటాడు. మేముండేది ఆ తోటలోనే. జైనబ్ పాతింటి గోడను ఆనుకుని రెండు గదులు, ఒక వంటిల్లు. నల్లా ఉన్న వాకిలి మాకూ ఆమెకూ ఉమ్మడి.

అంటే ఆ సీజనంతా ఇంట్లో మిగిలేది నేను, అత్తమ్మ, మా ఇద్దరి మధ్య ఒక గిన్నెల బుట్ట.

గిన్నెల సంగతి చెప్పాలి. అత్తమ్మ నన్ను పల్లెత్తు మాట అనదు. నేను తోమి బోర్లించిన గిన్నెను తీసి, వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, మారు మాట్లాడకుండా మళ్ళీ తోముతుంది. నోటితో తిట్టే అత్తకు జవాబు చెప్పవచ్చు. గిన్నెతో తిట్టే అత్తకు ఏం చెబుతాం? పెళ్ళయిన కొత్తలో కోరుట్లలోనే ఈ భాష నేర్చుకున్నాను. సలాలా వచ్చాక మరిచిపోయాననుకున్నాను. ఆమె వచ్చిన మర్నాడు పొద్దున్నే, పాలగిన్నె దగ్గర, మొత్తం గుర్తుకొచ్చింది.

ఆమె పద్ధతి ఒకటే. చింతపండు ముద్ద, చిటికెడు రాళ్ళ ఉప్పు, కొబ్బరి పీచు. స్టీలు, ఇత్తడి, నాన్‌స్టిక్ అన్న భేదం లేదు. నా నాన్‌స్టిక్ పెనం రెండు రోజుల్లో మామూలు పెనం అయిపోయింది. పీచుకు తోటలో కరువు లేదు గానీ, చింతపండు మాత్రం నా కళ్ళ ముందే కరిగిపోతోంది. ఏడాది పులుసుకు సరిపోయే సరుకు సింకులో పోతుంటే ఎవరికైనా కడుపు తరుక్కుపోదా? ఒకరోజు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, మిగిలిన పొట్లాన్ని చెడిపోయి మూలకున్న వాషింగ్ మెషిన్‌లో పెట్టి మూత వేశాను. చింతపండు అయిపోయిందత్తమ్మా అన్నాను. ఆమె నన్నొకసారి చూసింది. ఆ పూట నా కుక్కర్‌ను సబ్బుతోనే రెండుసార్లు తోమింది.

జైనబ్‌ను మేం మామా అని పిలుస్తాం. ఇంటి పెద్దావిడను ఇక్కడ అలాగే పిలుస్తారు. "ఆడిమనిషిని వట్టుకొని మామా అంటవేందే?" అని అత్తమ్మ మొదట్లో నొచ్చుకుంది. రెండు రోజులు ఆలోచించి, తనే ఆమెకు జైనవ్వ అని పేరు పెట్టుకుంది. జైనబ్ పలికింది కూడా.

ఇద్దరికీ కలిసిన మాట ఒక్కటి లేదు. జైనబ్‌కు అరబ్బీ, దుకాణాల్లో నేర్చిన హిందీ నాలుగు ముక్కలు. అత్తమ్మకు కోరుట్ల తెలుగు, అది కూడా గట్టిగా. అయినా ముసురు తెరిపిచ్చినప్పుడల్లా వాకిట్లో చేరేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులకు భాష అడ్డం రాదనుకుంటాను. మరీ అవసరమైతే నేను తర్జుమా చేసేదాన్ని, నాకు తోచినంత మేరకు. ఒకసారి జైనబ్ అరటిగెల గురించి ఏదో చెబితే, "మీ కోడలు పని శుభ్రంగా చేస్తుందంటోంది అత్తమ్మా" అని చెప్పాను. అత్తమ్మ జైనబ్ కళ్ళలోకి చాలాసేపు చూసి, "పాపం, చూపు తగ్గినట్టున్నది" అంది.

అలాంటి ఒక సాయంత్రం జైనబ్ బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చి మా ముందు మూత తీసింది. డబ్బా నిండా పాత కంచు నాణేలు. నల్లగా, ఆకుపచ్చగా, నాచు పట్టిన గులకరాళ్ళలా ఉన్నాయి. ఆమె భర్త సాలిం బతికున్నన్నాళ్ళూ ఓడల మీద పనిచేశాడు. ఓడ ఆగిన రేవులో తోటివాళ్ళు అత్తరూ, గడియారాలూ కొనుక్కుంటే, ఆయన పాత రోమన్ నాణేలు వెతుక్కునేవాడట. బంగారువీ వెండివీ కాదు, కంచువే. బంగారాన్ని జనం దాచుకుంటారు, కంచైతే కూరగాయల దుకాణం దాకా తిరిగి వస్తుంది అనేవాడట. దేవుళ్ళ బొమ్మలు ఇంట్లో ఎందుకని బంధువులెవరో అంటే, ఇవి బొమ్మలు కావు, చిల్లర అన్నాడట.

డబ్బాలో వాటి నుంచి వేరుగా ఒక చిన్న తోలుసంచి ఉంది. అందులో ఐదు నాణేలు. ఆయనకు ఎక్కువ ఇష్టమైనవి అవే. ఇంటికొచ్చిన ప్రతిసారీ భోజనాలయ్యాక ఆ ఐదింటినీ చాప మీద పరిచి, కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి, ఎవరు ఎవరో చెప్పేవాడట. తర్వాత జైనబ్ కళ్ళు మూసుకునేది. ఆమె చదువుకోలేదు. కానీ ఆ ఐదు ముఖాలూ ఆమె బొటనవేలికి వచ్చు.

అత్తమ్మ ఒకదాన్ని తీసుకుని కొంగుతో రుద్ది చూసింది. తల చుట్టూ కిరణాలు, చెయ్యెత్తి నిలబడ్డ మనిషి. "సూర్యనారాయణుడు" అంది, చుట్టాన్ని గుర్తుపట్టినట్టు. రోమన్లకూ ఆయన సూర్యుడేనని నేను ఒప్పుకోవాల్సి వచ్చింది. చేతిలో పిడుగు పట్టుకున్న గడ్డపాయన ఇంద్రుడయ్యాడు. రెక్కలున్న ఆవిడ దేవకన్య. నాణెం తిప్పితే వెనక వైపు, తలకు ఆకుల దండ చుట్టుకున్న చక్రవర్తి.

"వీడెవడు, పెండ్లి పిలగాడా?"

"రాజు అత్తమ్మా. నాణెం కొట్టించింది ఆయనే."

ఆమె ఆ పక్కా ఈ పక్కా మార్చి మార్చి చూసింది. "దొర మొకం నాణెం నిండ ఉన్నది. దేవుడు చూస్తే చీమంత ఉన్నడు" అంది. "యాడనన్న గంతే."

ఈ మాట మాత్రం ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను. జైనబ్ నవ్వి నవ్వి ముసుగు కొసతో కళ్ళు తుడుచుకుంది.

నాణేలు బయటికి రావడానికి కారణం మర్నాడు తెలిసింది. జైనబ్ కొడుకు అర్ఫాత్ మస్కట్ దగ్గర మబేలాలో ఉంటాడు. ఖరీఫ్‌కు పది రోజులు తల్లి దగ్గర గడపడానికి వచ్చి, వాకిట్లో కూచుని మా అందరికీ చెప్పాడు. మస్కట్‌లో ఒక మ్యూజియం వాళ్ళు తండ్రి నాణేలన్నీ తీసుకుంటామన్నారు. అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన తండ్రి పేరు రాస్తారు. సీజన్ అయిపోయేలోగా ఒక నిపుణురాలు వచ్చి చూసి పట్టుకెళ్తుంది. అరగంట ఆపకుండా మాట్లాడే మనిషి, తండ్రి పేరు రాస్తారన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పాడు. జైనబ్ కొడుకు భుజం నిమిరి మాషా అల్లా అంది. ఇంకో చెయ్యి డబ్బా మూత మీద ఉంది. అది మాత్రం తీయలేదు.

అర్ఫాత్ మంచివాడే. పండగకు బట్టలు పెడతాడు, రఘుపతిని పేరు పెట్టి పిలుస్తాడు. కానీ తండ్రి వస్తువుల దగ్గర మాత్రం మనిషి మారిపోతాడు. మాకు ముందు తోట చూసిన వీరబ్రహ్మం అనే ఆయన, పెద్దాయన ఓడ నుంచి తెచ్చుకున్న లాంతరును దుమ్ము దులపబోయి గాజు పగలగొట్టాడు. అర్ఫాత్ కేకలు వేయలేదు. ఇంటికి టికెట్ తీసి చేతిలో పెట్టాడు. ఇక్కడ ఉండటానికి ఇచ్చే రఘుపతి కార్డు ఆ ఖరీఫ్ అయిపోగానే రెన్యూవల్ కావాలి. సంతకం అర్ఫాత్‌ది. అందుకే ఆ రోజు అన్నం తింటూ రఘుపతి, "ఆ డబ్బా జోలికి మాత్రం పోకుండ్రి" అని ఇద్దరికీ చెప్పాడు. నా వైపు చూస్తూ చెప్పాడు. ఇంట్లో అనుమానం ఎప్పుడూ చదువుకున్నవాళ్ళ మీదే.

అర్ఫాత్ తిరిగి వెళ్ళిపోయాక, శ్రావణ శుక్రవారం నాడు రఘుపతికి సద్ది ఇచ్చి రావడానికి కొట్టు దాకా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అత్తమ్మ నల్లా దగ్గర పీట వేసుకుని కూచుంది. తోమిన కుందులు, చెంబు, హారతి పళ్ళెం వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన అరటాకు ముక్క. ఆకు మీద ఐదు నాణేలు, ఎర్రగా, పచ్చగా, ఆ పొద్దే టంకశాల నుంచి వచ్చినట్టు మెరిసిపోతున్నాయి. ఒక్కోదానికి కుంకుమ బొట్టు. కొంచెం అవతల కుర్చీలో జైనబ్ తస్బీ పూసలు తిప్పుకుంటూ చూస్తోంది.

"ఏం చేసినవత్తమ్మా?"

"దేవుళ్ళను గంత మురికిల ఉంచుతరా బిడ్డా? శుక్రారం పూట? జైనవ్వ తెచ్చి ముందట వెట్టింది. తోమిన."

ఒక నాణెం చేతిలోకి తీసుకున్నాను. సూర్యుడి కిరణాలు సగం ఉన్నాయి. తిప్పి చూస్తే చక్రవర్తికి ముక్కు లేదు. ఇంకోదాని మీద ఇంద్రుడి పిడుగు ఉంది, ఇంద్రుడు లేడు. డిగ్రీలో నాది హిస్టరీ. రోమన్ సామ్రాజ్య పతనానికి కారణాలు పది మార్కులకు రాసి ఎనిమిది తెచ్చుకున్నాను. ఆ కారణాల్లో చింతపండు లేదు.

జైనబ్ లేచి వచ్చి ఐదింటినీ ఒకటొకటిగా తీసుకుంది. కుంకుమను ముసుగు కొసతో తుడిచి, నెమ్మదిగా తోలుసంచిలో వేసుకుంది. చాలా బాగున్నాయంది. పాపం ఏం జరిగిందో ఈమెకు తెలియదు అనుకున్నాను. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రఘుపతికి చెప్పక తప్పదు కదా. విని, చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. ఫోన్ తీసి వెతికాడు. పాత కంచు నాణేలను ఎట్టి పరిస్థితిలోనూ కడగరాదని, మీద పట్టిన ఆకుపచ్చ పొరలోనే వాటి విలువ ఉంటుందని పైకి చదివాడు. "అమ్మా" అన్నాడు, అంతే. ఆ తర్వాత నన్ను, ఇంటికి సామాను పంపే కార్గో వాళ్ళ నంబరు ఉందా అని అడిగాడు. ఫ్రిజ్ ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు. తోట వైపు కిటికీ దగ్గర నిలబడి, తను నాటిన బొప్పాయి మొక్కలు ఈసారి కాపుకొచ్చేవి అన్నాడు.

అత్తమ్మ ఆ రోజు తినలేదు.

ఆ రోజు నుంచి ఇంకొకటి కూడా మానేసింది. నేను తోమిన గిన్నె నేను బోర్లించినట్టే ఉండిపోయింది. తీసి చూడదు, తిప్పి చూడదు, మళ్ళీ తోమదు. పెళ్ళయినప్పటి నుంచీ నేను మొక్కుకున్నది ఇదే. మొక్కు తీరింది గానీ, వంటింట్లోకి పోవాలంటే కాళ్ళు రావడం లేదు. ఒకరోజు కావాలనే మూకుడు అడుగున మసి ఉంచేసి, ఆమె కంటికి ఆనేటట్టు పెట్టాను. చూసింది. చూపు తిప్పుకుంది.

"గా మూకుడు చూడుండ్రి అత్తమ్మా, ఎట్లున్నదో" అన్నాను, ఉండబట్టలేక.

"నా చేతులే మంచియి గావు బిడ్డా" అంది. "పోరడు గింత దూరమచ్చి నిలబెట్టుకున్న నౌకరి. నీళ్ళల్ల కలిపిన."

అర్ఫాత్ వస్తే తనే చెప్పేస్తానని, కాళ్ళ మీద పడతానని, పంపిస్తే తననే పంపమంటానని కూడా అంది. తను ఎలాగూ వెళ్ళిపోయేదే కదా అని గుర్తు చేశాను. ఆ సంగతి ఆమెకు తోచలేదు. ఆ ముసురు రోజుల్లోనే మొదటిసారి మేమిద్దరం ఒక మంచం మీద కూచుని, ఒకే గ్లాసులో టీ పంచుకుని తాగాం. కొబ్బరాకుల మీద తుంపర పడుతోంది.

ఖరీఫ్ చివర్లో, మంచు విడిచి మొదటిసారి సూర్యుడు కనబడ్డ వారంలో నిపుణురాలు వచ్చింది. పేరు ఖుష్నుమా. మస్కట్‌లోనే చాలా ఏళ్ళుగా పనిచేస్తోందట. సన్నటి మనిషి, ముక్కు మీద కళ్ళద్దాలు, చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు. అర్ఫాత్‌తో అరబ్బీలో, మాతో ఉర్దూలో మాట్లాడింది. జైనబ్ ముందు గదిలో నల్ల గుడ్డ పరిచి డబ్బాలోని నాణేలన్నీ పేర్చుకుంది. ఒక్కోదాన్ని భూతద్దం కింద పెట్టి, వీడు ఫలానా చక్రవర్తి, ఈవిడ ఫలానా దేవత అని చెబుతుంటే, అర్ఫాత్ ముఖం చిన్నపిల్లవాడి ముఖమైపోయింది. రఘుపతి బొండాలు కొట్టి తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అత్తమ్మ నా వెనక. ఆమె నా కొంగు పట్టుకుందని నాకు తర్వాత తెలిసింది, ముడతలు చూసుకుంటే.

చివరికి తోలుసంచి వచ్చింది. ఖుష్నుమా దాన్ని గుడ్డ మీద వంచింది. ఐదు నాణేలు తళుక్కుమన్నాయి. గదిలో అన్నీ చీకటి రంగు నాణేలే కావడంతో అవి మరీ సిగ్గులేకుండా మెరిశాయి.

అర్ఫాత్ ఒకదాన్ని తీసుకుని చూసి, నెమ్మదిగా కింద పెట్టాడు. అతని చూపు గుమ్మం వైపు, రఘుపతి మీదికి వెళ్ళింది.

"ఇవి ఎవరు కడిగారు?" అని ఖుష్నుమా అడిగింది.

"నేను" అంది జైనబ్, గుండె మీద చెయ్యి వేసుకుని. అర్ఫాత్ తల్లి వైపు తిరిగాడు. నువ్వా అని అడిగాడు. ఆమె తస్బీ తిప్పడం ఆపలేదు. నా మొగుడి నాణేలు, నా ఇంట్లో ఉన్నాయి, మురికి పట్టాయి, కడిగాను అంది.

మాటలు అర్థం కాకపోయినా, గుండె మీది చెయ్యి అత్తమ్మకు అర్థమైంది. నా కొంగు వదిలి ముందుకొచ్చింది.

"ఆమె గాదు బిడ్డా. నేను తోమిన. చింతపండు వెట్టి నేనే తోమిన. నా కొడుకు తప్పులేదు. వాన్ని ఏమనకుండ్రి."

అర్ఫాత్ నా వైపు చూశాడు, ఏమంటోందని. రఘుపతి కూడా చూశాడు. జైనబ్ కూడా చూసింది, కొంచెం గట్టిగా.

"కొబ్బరినీళ్ళు తాగమంటోంది" అన్నాను.

ఖుష్నుమా భూతద్దం మీదికి వంగి ఉంది. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తల ఎత్తకుండానే అర్ఫాత్‌తో నిదానంగా మాట్లాడింది. ఈ ఐదూ అద్దాల పెట్టెలోకి పనికిరావు. ఆ ఆకుపచ్చ పొర మురికి కాదు, వాటి తోలు. ఒకసారి పోతే తిరిగి రాదు. కానీ మిగతావి చాలు, నిజానికి వాటిలో ఇంతకన్నా మంచివి ఉన్నాయి. మీ నాన్నగారి పేరుతో ఒక పెట్టె నిండుతుంది. ఇవి ఇంట్లోనే ఉండనివ్వండి.

అర్ఫాత్ ఆ ఐదింటినీ ఒకటొకటిగా తోలుసంచిలో వేశాడు. తర్వాత లేచి తల్లి దగ్గరికి వెళ్ళి, ఆమె తల మీద ముద్దు పెట్టుకున్నాడు. ఇంకేమైనా కడిగావా అని అడిగాడు. అప్పుడు మాత్రం అందరం నవ్వాం, అర్థం కాకపోయినా అత్తమ్మతో సహా.

డబ్బాను కారులో పెట్టాక ఖుష్నుమా చేతి తొడుగులు తీసుకుంటూ వాకిట్లో అత్తమ్మ ముందు ఆగింది.

"పెద్దమ్మా, మాది బోధన్" అంది, తెలుగులో. "మా అమ్మ గూడ బిందెలు చింతపండుతోనే తోముతది. బిందెలు తోమాలె గని, పాత పైసలు తోమొద్దు. సరేనా?"

అత్తమ్మ ముందు ఆమెను, తర్వాత నన్ను చూసింది. ఖుష్నుమా నా వైపు తిరిగింది.

"కొబ్బరినీళ్ళు మంచిగున్నయి" అని చెప్పి కారెక్కింది.

ఆ సాయంత్రం చింతపండు పులుసు చేద్దామనిపించింది. రఘుపతి కార్గో వాళ్ళ నంబరు రాసుకున్న కాగితాన్ని చింపి పారేశాడు. నేను వాషింగ్ మెషిన్ మూత తీశాను. పొట్లం నేను వేసిన ముడితోనే ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"అత్తమ్మా, ఆనాడు నాణేలు తోమిన చింతపండు యాడిది?"

"జైనవ్వ ఇచ్చింది. పైసలు, చింతపండు, ఉప్పు, అన్ని తాంబాళంల వెట్టి తెచ్చింది." పొట్లం వైపు చూసింది. "నువ్వు దాసుకున్నది నేనెందుకు ముడ్తనే? బట్టలేద్దామని మూత తీస్తే ఆనాడే కనవడ్డది. పులుసుకు ఉంచుకున్నదిలే అని మళ్ళ మూసిన."

డిగ్రీ చదివిన దాన్ని. దాచడం మాత్రం రాలేదు.

పొట్లం అక్కడే పెట్టి జైనబ్ ఇంట్లోకి వెళ్ళాను. చాప మీద ఐదు నాణేలు పరుచుకుని కూచుంది. వంటింటి అరమీద గాజు సీసాలో వాళ్ళ చింతపండు, తమర్ హిందీ అంటారు, సగం ఖాళీగా కనబడుతోంది. నేను ఆ సీసా వైపు చూశాను. ఆమె నేను చూడటం చూసింది.

కడగవద్దని సాలిం జీవితమంతా చెబుతూనే ఉన్నాడు అంది, నేనేమీ అడగకుండానే. ఒకసారి తను సబ్బు పట్టుకుంటే రెండు రోజులు మాట్లాడలేదట. కడిగితే వీటిని ఎవరూ కోరరు అన్నాడట.

ఒక నాణెం మీద బొటనవేలు నెమ్మదిగా తిరుగుతోంది.

"కొడుకు తండ్రి పేరు అద్దంలో చూసుకుందామని ఆశపడ్డాడు. కాదనలేను. కానీ అద్దంలోంచి వేలు పోదు కదా శ్రీలతా."

మరి మా భయం సంగతేమిటని అడిగాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. నేనుండగా మీకు భయమెందుకు, మీ భయం చెప్పి ఉంటే, కడిగింది నేనేనంటానని ఆ రోజే చెప్పేదాన్ని కదా అంది. నిజమే. ఆ ఇంట్లో ప్రతి మాటా తర్జుమా చేసేది నేను. ఆ ఒక్క మాటే చేయలేదు.

విషయం చెబితే అత్తమ్మ కోప్పడుతుందనుకున్నాను. గోడ వైపు, అవతల జైనబ్ ఉన్న వైపు చూసింది. "ముసల్ది నాతోని పని చేయించుకున్నది గదనే" అంది, మెచ్చుకోలుగా. తర్వాత లేచి, నా మూకుడు తీసి, వెలుతురుకు పట్టి చూసింది. చేయి చాపింది. పొట్లం విప్పి చింతపండు ముద్ద ఆమె చేతిలో పెట్టాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నా గిన్నె తోముతుంటే నాకు నిద్ర పట్టేంత హాయిగా అనిపించింది ఆ ఒక్కరోజే.

అత్తమ్మ వెళ్ళిపోయింది. రఘుపతి కార్డు వచ్చింది. బొప్పాయి కాపుకొచ్చింది.

ఇప్పుడు మళ్ళీ ఖరీఫ్. తడిగాలికి మొట్టమొదట నల్లబడేవి జైనబ్ చక్రవర్తులే. పోయిన శుక్రవారం గోడ మీద తట్టి పిలిచింది. చాప మీద ఐదు నాణేలు, పక్కన గిన్నెలో నానబెట్టిన తమర్ హిందీ, చిటికెడు ఉప్పు, కొబ్బరి పీచు. ఫోన్‌లో కోరుట్ల నుంచి అత్తమ్మ కూడా ఉంది. దొర ఎట్లున్నడని అడిగింది. ముక్కు లేకపోయినా బాగానే ఉన్నాడని చెప్పి, కూచుని ఓపిగ్గా తోమాను. కిరణాల మధ్య సందులు కూడా వదల్లేదు. కడిగి, తుడిచి, జైనబ్ చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని తీసుకుని, వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. ఫోన్‌లో అత్తమ్మ కూడా మెడ సాచి చూసింది. తర్వాత జైనబ్ మారు మాట్లాడకుండా, చింతపండు ముద్ద అందుకుని, మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.